ఉచ్చ శిక్ష: సరిహద్దు జిల్లాల డిగ్రీలో లెక్కకు రాని గంటలు

ఒడియాలో ఉన్నత విద్యను ‘ఉచ్చ శిక్షా’ అంటారు. ఆంధ్రా సరిహద్దున ఉన్న ఒడిశా ఊళ్లు బరంపురంలోనో పర్లాకిమిడిలోనో తెలుగింట పుట్టిన పిల్లవాడు ఆ మాటను మొదటిసారి బోర్డు మీద చదివినప్పుడు నవ్వుకుంటాడు. ఇంట్లో శిక్ష అంటే దెబ్బలు, ఇక్కడ శిక్ష అంటే చదువు. కాలేజీలో చేరాక ఇంకో తమాషా ఎదురవుతుంది. ఒడియా క్లాసులో ‘ఉపన్యాస’ అంటే లెక్చర్ కాదు, నవల. పొలిటికల్ సైన్సులో ‘సంబిధాన’ అంటే రాజ్యాంగం. ఎకనామిక్స్‌లో ‘చాహిదా’ డిమాండు, ‘జోగాణ’ సప్లై. సగం మాటలు తెలిసినవే అనిపిస్తాయి, చిక్కంతా అక్కడే. బొత్తిగా తెలియని మాటైతే పక్కవాణ్ణి అడుగుతారు. తెలిసినట్టున్న మాట దగ్గర ఎవరూ ఆగరు, తప్పుగా అర్థం చేసుకుని ముందుకు పోతారు.

2020 జాతీయ విద్యా విధానం వచ్చాక డిగ్రీ చదువును మార్చడం గురించి ఎక్కడ చూసినా చర్చే. నాలుగేళ్ల డిగ్రీ, మేజర్, మైనర్, క్రెడిట్ బ్యాంకు, మధ్యలో ఆపి మళ్లీ చేరే వీలు. ఒడిశాలో 2024-25లో చేరిన బ్యాచ్‌తో కొత్త పద్ధతి మొదలైంది. మాటలన్నీ ఏ సబ్జెక్టుకు ఎన్ని క్రెడిట్లు (చదివిన గంటలను లెక్కగట్టే పాయింట్లు) అన్న దగ్గరే తిరుగుతున్నాయి. కానీ గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో డిగ్రీ చదివే తెలుగు పిల్లల రోజును దగ్గరగా చూస్తే, వాళ్ల చదువు సిలబస్ దగ్గర కన్నా ఇంకో రెండు చోట్ల ఎక్కువగా చిక్కుకుంటోంది. ఇంటికీ కాలేజీకీ మధ్య పోయే సమయం ఒకటి. విన్న భాష, అర్థమైన భాష, పరీక్ష రాయాల్సిన భాష వేరువేరు కావడం రెండోది. కొత్త విధానం ఈ రెండింటి జోలికీ పోలేదు. విచిత్రమేమిటంటే, వీటిని సర్దడానికి కావలసిన సాధనాలు చాలావరకు దాని రూల్సులోనే ఉన్నాయి.

ముందు పేర్ల సంగతి. ఆంధ్రాలో ఇంటర్, డిగ్రీ అంటే ఇక్కడ ప్లస్ టూ, ప్లస్ త్రీ. ఆంధ్రావైపు పాతపట్నంలో బంధువులు “ఏం గ్రూపు?” అని అడిగితే, గట్టిగా నాలుగైదు కిలోమీటర్ల అవతల ఉన్న పర్లాకిమిడిలో “ఏం ఆనర్స్?” అని అడుగుతారు. ఆనర్స్ అన్న మాటకు ఇక్కడ చాలా మర్యాద ఉంది. హిస్టరీ ఆనర్స్, కెమిస్ట్రీ ఆనర్స్ అని పెళ్లిచూపుల్లో కూడా చెప్పుకుంటారు. నిన్నమొన్నటి దాకా మూడేళ్లు చదివితే ఆనర్స్ చేతికొచ్చేది. కొత్త చట్రంలో మూడేళ్లకు 120 క్రెడిట్లతో మామూలు డిగ్రీ ఇస్తారు, నాలుగో ఏడు కూడా చదివి 160 క్రెడిట్లు పూర్తి చేస్తేనే ఆనర్స్. చదువు తగ్గకపోయినా పేరు ఒక ఏడాది దూరం జరిగింది. ఇది చిన్న మార్పని భువనేశ్వర్‌లోనో ఢిల్లీలోనో అనిపించవచ్చు. ఫీజు కట్టే తండ్రికి మాత్రం ‘ఇంకో ఏడాది’ అన్న మాటే వినిపిస్తుంది.

ఎంతమంది సంగతి ఇది? 2011 జనగణనలో ఒడిశాలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు ఆరున్నర లక్షలకు పైనే. వాళ్లలో ఎక్కువమంది ఈ దక్షిణ జిల్లాల్లో ఉన్నారు. కాలేజీ వయసు పిల్లల్లో పైచదువుల్లో చేరుతున్నవాళ్లు దేశం మొత్తం మీద 2021-22లో 28.4 శాతం ఉంటే ఒడిశాలో ఆ లెక్క ఇంకా తక్కువ. 2035 నాటికి దాన్ని 50 శాతానికి తేవాలన్నది విధానం లక్ష్యం. అంటే కొత్తగా రావలసినవాళ్లు కాలేజీ పక్క వీధిలో ఉన్నవాళ్లు కారు, వాళ్లు ఇప్పటికే చేరారు. బండెక్కి రావలసినవాళ్లే మిగిలారు.

ఆ బండిని కాస్త దగ్గరగా చూడాలి. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే రైలు మార్గం చిత్రమైంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు లైను అది, 1900లో మొదలై 1931 నాటికి గుణుపురం చేరింది. 2004లో నేరోగేజి ఆపేసి, 2011లో బ్రాడ్‌గేజిగా తెరిచారు. నౌపడ, టెక్కలి, పాతపట్నం ఆంధ్రాలో. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం ఒడిశాలో. రాష్ట్రం మారినా పెట్టెలో భాష మారదు, తెలుగూ ఒడియా కలిసే ప్రయాణిస్తాయి. అయితే రోజుకు తిరిగే బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. పొద్దున బండి తప్పితే బస్సు, బస్సు తప్పితే షేర్ ఆటో, అదీ తప్పితే ఆ రోజు ఆబ్సెంటు. ఇచ్ఛాపురం వైపు నుంచి బరంపురం వచ్చేవాళ్లకు మెయిన్ లైను ఉంది కాబట్టి కొంత నయం. గజపతి కొండల మీద ఊళ్ల నుంచి దిగేవాళ్లకు జీపే గతి.

ఇప్పుడు క్రెడిట్ల లెక్క వేద్దాం. జాతీయ క్రెడిట్ చట్రం ప్రకారం ఏడాదికి 40 క్రెడిట్లు, అంటే 1200 గంటల చదువు. సెమిస్టరుకు 600 గంటలు. పదిహేను వారాలనుకుంటే వారానికి 40 గంటలు. ఇందులో సగం క్లాసు, మిగతా సగం విద్యార్థి సొంతంగా చదువుకోవాల్సింది, అసైన్‌మెంట్లు, లైబ్రరీ. కాగితం మీద బాగానే ఉంది. ఒక అమ్మాయి ఒకవైపు గంటన్నర చొప్పున వారానికి ఆరు రోజులు ప్రయాణం చేస్తుందనుకోండి. వారానికి 18 గంటలు, సెమిస్టరుకు 270 గంటలు. క్రెడిట్‌కు 30 గంటల చొప్పున చూస్తే తొమ్మిది క్రెడిట్ల కాలం కిటికీ పక్కన గడిచిపోయింది. ఆరు సెమిస్టర్లకు 54 క్రెడిట్లు, డిగ్రీ మొత్తం 120 అయినప్పుడు. ఇది అందరి సగటు కాదు, లెక్క తెలియడానికి వేసుకున్న ఉదాహరణ. కానీ సొంత చదువుకు విధానం కేటాయించిన వారానికి ఇరవై గంటలు ఎక్కడికి పోతున్నాయో దీంతో తెలుస్తుంది.

దీనికి తోడు క్లాసుల మధ్య ఖాళీలు. పదిన్నరకు ఒక క్లాసు, పన్నెండుకు సర్ రారు, మూడింటికి ప్రాక్టికల్. హాస్టల్లో ఉన్న కుర్రాడు ఆ ఖాళీలో గదికి వెళ్లి నిద్రపోతాడు. రోజూ వచ్చిపోయే అమ్మాయి వరండాలో కూర్చుంటుంది. ఫోను చార్జింగు ఎక్కడ పెట్టాలో, టిఫిను డబ్బా ఎక్కడ విప్పాలో, బాత్‌రూముకు ఎక్కడికి వెళ్లాలో ఆమెకు మొదటి నెలలోనే తేలాలి. తేలకపోతే రెండో నెల నుంచి వారానికి మూడు రోజులే వస్తుంది. ‘విద్యార్థి జీవితం’ అంటే క్లబ్బులు, ఫెస్టులు, ప్లేస్‌మెంట్ సెల్ అని బ్రోచర్లలో ఉంటుంది. ఇక్కడ సగం మందికి విద్యార్థి జీవితమంటే ఈ వరండాయే. మూడింటి ప్రాక్టికల్‌ను పదకొండుకు మార్చడానికి జాతీయ విధానం అక్కర్లేదు, టైంటేబుల్ వేసే లెక్చరర్‌కు బండి టైమింగ్స్ తెలిస్తే చాలు. వారం పాఠాలను నాలుగు రోజుల్లోకి కుదిస్తే పై లెక్కలో ఒక్క సెమిస్టరుకే 90 గంటలు మిగులుతాయి. అంటే మూడు క్రెడిట్లు, పైసా ఖర్చు లేకుండా.

ఒడిశా కాలేజీ యూనియన్లలో ‘డే స్కాలర్స్ అసోసియేషన్’ అని ఒక పాత ఏర్పాటు ఉంది. రోజూ వచ్చిపోయేవాళ్ల తరఫున మాట్లాడటానికి ఒక పదవి. ఆంధ్రా కాలేజీల్లో ఇలాంటిది వినిపించదు. కాలక్రమంలో అది కూడా మిగతా పదవుల్లాగే జిందాబాద్‌ల పదవి అయిపోయింది. టైంటేబుల్ కమిటీలో ఆ పదవికి ఒక కుర్చీ వేస్తే దాని అసలు పని మళ్లీ మొదలవుతుంది.

ఇక భాష. ప్లస్ త్రీ మొదటి ఏడాది చదివే తెలుగు పిల్లల నోటుపుస్తకం ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పేజీ పైన ఇంగ్లీషులో ‘ఫెడరలిజం’ అని హెడ్డింగు, కింద గీత. ఆ కింద లెక్చరర్ చెప్పిన వివరణ నాలుగు లైన్లు ఒడియా లిపిలో. మధ్యలో బ్లాక్‌బోర్డు మీంచి ఎక్కించుకున్న ఒక ఇంగ్లీషు వాక్యం, స్పెల్లింగు తప్పుతో. పక్కన మార్జిన్‌లో చిన్న అక్షరాలతో ‘సెంటర్ పెద్దన్న, స్టేట్ తమ్ముడు, ఇల్లు ఒకటే వంటిళ్లు వేరు’ అని తెలుగు మాటలు, రాసింది మాత్రం ఒడియా అక్షరాల్లో. పరీక్షలో మార్కులు పడేది హెడ్డింగు కింద రాసినదానికి. పాఠం అర్థమైంది మార్జిన్‌లో.

తెలుగు మాటలకు ఒడియా అక్షరాలు ఎందుకంటే, వీళ్లలో చాలామందికి తెలుగు చదవడం రాదు. ఇంట్లో మాట్లాడతారు, సినిమా చూస్తారు, తిట్టుకుంటారు, పెళ్లిళ్లలో పాడతారు. వాట్సాప్‌లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనో ఒడియా అక్షరాల్లోనో టైపు చేస్తారు. తల్లిదండ్రులను తప్పుపట్టడానికి లేదు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి. కనీసం మిడిల్ స్కూల్ స్థాయిలో ఒడియా సబ్జెక్టు పాసై ఉండాలి. బడి ఎంచుకునేటప్పుడు ఆ రూలే ముందు గుర్తొస్తుంది. తెలుగు మీడియం బడులు చిక్కిపోవడానికి దాని వంతు అది చేసింది. ఇంకో పక్క రైల్వే, బ్యాంకు, స్టాఫ్ సెలెక్షన్ పరీక్షలు కొన్ని ఇప్పుడు తెలుగులోనూ రాయొచ్చు. ఆ అవకాశం ఉందని తెలిసేసరికి అక్షరాలు చేతిలో లేవు.

అందుకే ‘తెలుగులో పాఠ్యపుస్తకాలు ఇవ్వండి’ అన్న డిమాండు వినడానికి బాగుంటుంది గానీ ఈ జిల్లాల్లో గురి తప్పుతుంది. పుస్తకం ఇస్తే చదవలేనివాళ్లకు పుస్తకం ఏం చేస్తుంది? కావలసింది నోటిమాట సాయం. మొదటి సెమిస్టరులో వారానికి రెండు గంటలు ఒక సీనియర్ కూర్చుని, ఆ వారం క్లాసులో జరిగిన పాఠాన్ని తెలుగులో చెప్పి, అదే పాయింటును ఇంగ్లీషులో రెండు వాక్యాలుగా రాయించడం. నిజానికి ఇది హాస్టల్ గదుల్లో పరీక్షల ముందు రాత్రి ఎలాగూ జరుగుతుంది. అప్పుడు టెన్షన్‌లో, టీ గ్లాసుల మధ్య, రేపు వచ్చే ప్రశ్నలకు మాత్రమే జరుగుతుంది. దాన్నే ఆగస్టులో మొదలుపెట్టి, చెప్పిన సీనియర్‌కు రెండు క్రెడిట్లు ఇస్తే అది చదువు అవుతుంది. కొత్త చట్రంలో భాషా సామర్థ్యానికి 8 క్రెడిట్లు, నైపుణ్య కోర్సులకు 9 క్రెడిట్లు ఉన్నాయి. ఇప్పుడవి చాలాచోట్ల ఉత్తరం ఎలా రాయాలి, ఈమెయిల్ ఎలా పంపాలి అనే పాఠాలకు పోతున్నాయి. ఒక పాఠాన్ని మూడు భాషల్లో చెప్పగలిగే నైపుణ్యానికి రెండు క్రెడిట్లు ఇవ్వడం ఎక్కువేమీ కాదు.

ఈ సాయం తెలుగువాళ్లకే కావాలనడం కూడా సరికాదు. గజపతి, రాయగడ, కొరాపుట్ మూడు జిల్లాల్లోనూ జనాభాలో సగానికి పైగా గిరిజనులే. సవర, కుయి మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఒడియా కూడా పరాయి భాషే. మార్జిన్‌లో రాసుకోవడానికి సొంత లిపి కూడా చాలామందికి అలవాటు లేదు. తెలుగు పిల్లలు వాళ్లకన్నా ఒక మెట్టు పైన ఉన్నారు. హాస్టల్లో సవర కుర్రాడూ తెలుగు కుర్రాడూ ఒకే గదిలో ఉన్నప్పుడు వాళ్ల మధ్య నడిచే భాష ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని గమనించినంత మాత్రాన సగం భాషాశాస్త్రం వచ్చేస్తుంది.

ఈ మాట అనడానికి పర్లాకిమిడికి అర్హత ఉంది. 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి 1880లో ఇక్కడ రాజావారి బడిలో మాస్టారుగా చేరారు, తరువాత కాలేజీలోనూ చెప్పారు. ఆయన పాఠం హిస్టరీ. సవరలు ఎదురుపడితే వాళ్ల మాట అర్థం కాకపోవడం ఆయనకు కష్టమనిపించింది. పుస్తకం లేని భాషను మనుషుల నోటి నుంచే నేర్చుకున్నారు, వాళ్ల కోసం బడులు పెట్టించారు. 1931లో సవర వ్యాకరణం మీద ఆయన పుస్తకం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. పుస్తకాల తెలుగుకూ నోటి తెలుగుకూ మధ్య అగాధం ఉండకూడదని ఆయన చేసిన వాదం అందరికీ తెలుసు. అది పుట్టిన చోటు క్లాస్‌రూమని మాత్రం తక్కువగా గుర్తుచేసుకుంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు చేరినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని ఆంధ్రాలో తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతారు. ఆయన మూడు దశాబ్దాలు పాఠం చెప్పిన ఊళ్లో ఆ రోజు మామూలు వర్కింగ్ డే.

గిడుగును తలవడానికి ఇంకో కారణం ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’. నాలుగో ఏడాదిలో పరిశోధన చేయాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం రావాలి, 12 క్రెడిట్ల ప్రాజెక్టు రాయాలి. మార్కుల గేటు పెట్టడంలో తప్పు లేదనుకోవచ్చు. కానీ ఇక్కడ పరిశోధనకు పనికొచ్చే సరుకు ఎవరి దగ్గరుంది? బరంపురం పట్టు మగ్గాల మీద కూర్చునే దేరా కుటుంబాల్లో తెలుగు మూలాలున్న నేత మాటలు ఇంకా వినిపిస్తాయి. ఆ మాటలు తెలిసిన పిల్లవాడికి 75 శాతం రాకపోవచ్చు, ఎందుకంటే ఉదయం మగ్గం దగ్గర సాయం చేసి వస్తాడు. 82 శాతం వచ్చిన పిల్లవాడు ఇంటర్నెట్‌లో దొరికిన విషయాన్ని తిప్పి రాస్తాడు. 75 అన్న గీతను కాలేజీ చెరపలేదు. మూడేళ్ల డిగ్రీ లోపలే ఒక చిన్న ఫీల్డ్ ప్రాజెక్టు పెట్టి, దాన్ని మార్కులతో సంబంధం లేకుండా అందరికీ తెరవడం మాత్రం కాలేజీ చేతిలో పనే.

నాలుగో ఏడాది మీద ఇంత కన్నా ఎక్కువ ఆశ పెట్టుకోనక్కర్లేదు. పీజీ చేసేవాళ్లకు లెక్క సరిపోతుంది, మూడు ప్లస్ రెండు అయినా నాలుగు ప్లస్ ఒకటి అయినా ఐదేళ్లే. నేరుగా పీహెచ్‌డీకి వెళ్లాలనుకునేవాళ్లకు లాభం. మిగతావాళ్లకు, అంటే ఎక్కువమందికి, అది ఇంకో ఏడాది అద్దె, ఇంకో ఏడాది మెస్ బిల్లు. నాలుగో ఏడాదికి గైడుగా ఉండే లెక్చరర్లు కావాలి కదా, వాళ్లేరి? ఒడిశా యూనివర్సిటీల్లో నియామకాల పద్ధతి మారుస్తూ 2020లో చేసిన సవరణ చట్టం కోర్టుకెక్కి, 2022లో సుప్రీంకోర్టు స్టేతో ఆగింది. ఆ మధ్యకాలంలో క్లాసులు నడిపింది గెస్ట్ ఫ్యాకల్టీయే. వచ్చే ఏడాది ఉంటారో లేదో తెలియని మనిషి ఏడాది పొడుగు ప్రాజెక్టుకు ఎలా గైడు చేస్తారు?

మధ్యలో ఆపే వెసులుబాటు గురించి కూడా ఒక మాట. మొదటి ఏడాది 40 క్రెడిట్లతో పాటు 4 క్రెడిట్ల వృత్తి కోర్సు చేస్తే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా. మూడేళ్లలోపు తిరిగి చేరొచ్చు, మొత్తం ఏడేళ్లలో ముగించాలి. ఉద్దేశం మంచిదే. కానీ గంజాం నుంచి సూరత్‌కు పనికి పోయిన కుర్రాడు మూడేళ్లలో తిరిగొచ్చి మళ్లీ బెంచీ మీద కూర్చోవాలంటే, వచ్చిన రోజు కాలేజీలో అతని పేరు తెలిసిన మనిషి ఒకరుండాలి. ఆ మనిషి లేకపోతే సర్టిఫికెట్ అనేది డ్రాపౌట్‌కు పెట్టిన గౌరవ నామమే అవుతుంది. ఆడపిల్లల విషయంలో ఇంకో భయం, ‘డిప్లొమా వచ్చింది కదా, చాలు’ అని సంబంధం ఖాయం చేసేయడానికి ఇదొక సాకు కావచ్చు.

సరిహద్దు అన్నాక అటువైపు సంగతీ చూడాలి. ఇక్కడి కాలేజీలు ఎన్ని యూనివర్సిటీలు మారాయో లెక్కపెడితే ఆశ్చర్యమేస్తుంది. పర్లాకిమిడి కాలేజీ 1896లో మొదలైనప్పుడు మద్రాసు యూనివర్సిటీ కింద ఉండేది. 1926లో ఆంధ్ర యూనివర్సిటీ పుట్టాక అటు. 1943లో ఉత్కళ యూనివర్సిటీ వచ్చాక ఇటు. 1967 నుంచి బరంపురం యూనివర్సిటీ. కాలేజీ కదలకుండా నాలుగు ముద్రలు మారాయి. బరంపురంలో 1894లో పుట్టిన వి.వి. గిరి ఇక్కడ చదివి 1913లో లా చదవడానికి ఏకంగా డబ్లిన్ వెళ్లారు. పైచదువుకు ఊరు దాటడం అప్పటి అలవాటే.

ఇప్పుడు దాటడం కష్టం. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆంధ్రాలో యూనివర్సిటీ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకు. చివరి నాలుగేళ్ల చదువు ఆ ప్రాంతంలోనే సాగితే లోకల్. పర్లాకిమిడిలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల పాతపట్నం దాటగానే నాన్‌లోకల్. అటువైపు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, కుల ధ్రువీకరణ కూడా రాష్ట్రానికో జాబితా. ఇందులో ఒక చేదు తమాషా ఉంది. కొరాపుట్ జిల్లాలోని జయపురం మహారాజు విక్రమదేవ్ వర్మ ఆంధ్ర యూనివర్సిటీకి పెద్ద మొత్తాలు విరాళమిచ్చారు. విశాఖలో ఆ యూనివర్సిటీ సైన్స్ కాలేజీకి ఇప్పటికీ ఆయన పేరే. జయపురంలో ఆయన పేరుతోనే ఉన్న కాలేజీ 2023లో యూనివర్సిటీ అయింది. ఒకే రాజు పేరు మోసే రెండు క్యాంపసులు ఘాట్ రోడ్డుకు రెండు కొసల్లో ఉన్నాయి. ఆయన డబ్బుతో లేచిన చోట ఆయన ఊరి పిల్లలు బయటివాళ్లు.

సీట్ల రూలు మార్చడం కాలేజీల చేతిలో లేదు. క్రెడిట్ బదిలీ మాత్రం ఉంది. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఉద్దేశమే ఒకచోట సంపాదించిన క్రెడిట్‌ను ఇంకోచోట వాడుకోవడం. జయపురంలో అడ్మిషన్ ఉన్న విద్యార్థి ఒక వేసవిలో విశాఖ వెళ్లి తెలుగు లిపి, తెలుగు చదవడం మీద నాలుగు క్రెడిట్ల కోర్సు చేసి రావచ్చు. శ్రీకాకుళం నుంచి ఒకరు కొరాపుట్ వచ్చి ఒడియా నేర్చుకోవచ్చు. రెండు యూనివర్సిటీల మధ్య ఒక ఒప్పందం కాగితం చాలు. ఆన్‌లైన్ కోర్సుల నుంచి ఒక సెమిస్టరులో 40 శాతం దాకా క్రెడిట్లు తెచ్చుకోవచ్చని 2021 నుంచి రూలే ఉంది. ఎవరో ముక్కూ మొహం తెలియని ప్రొఫెసర్ వీడియోను ఒప్పుకునే యూనివర్సిటీ, పక్క జిల్లా క్లాసును ఒప్పుకోవడానికి ఎందుకు జంకాలి?

పండగల సంగతి చిన్నదే గానీ చెప్పాలి. దసరాకు ఇక్కడ సెలవులు గట్టిగానే ఇస్తారు. సంక్రాంతికి ఒక్క రోజు. తెలుగింట భోగి నుంచి ముక్కనుమ దాకా నాలుగు రోజులు ఎవరూ కదలరు. 75 శాతం అటెండెన్స్ దగ్గర తగువు వచ్చేది ఏటా ఆ వారంలోనే.

చివరగా ఇంటర్న్‌షిప్. మూడేళ్ల డిగ్రీలో 2 నుంచి 4 క్రెడిట్లు, 4 క్రెడిట్లకు 120 గంటలు. పెద్ద ఊళ్లలో కంపెనీలు ఉంటాయి. పర్లాకిమిడిలో, గుణుపురంలో ఎక్కడ చేస్తారు? జరుగుతున్నది అందరికీ తెలిసిందే, తెలిసిన కంప్యూటర్ సెంటరు నుంచి ఒక సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. చేయాల్సిన పని లేదా అంటే కుప్పలు ఉంది. ఇచ్ఛాపురం చుట్టుపక్కల నుంచి బరంపురం ఆసుపత్రులకు వచ్చే తెలుగు రోగులు ఓపీ చీటీ పట్టుకుని ఏ గదికి వెళ్లాలో తెలియక నిలబడతారు. వాళ్ల పక్కన నిలబడి డాక్టరు చెప్పింది తెలుగులో చెప్పడానికి రెండు భాషలూ వచ్చిన ఒక విద్యార్థి చాలు.

ఇంకో పని ఇళ్లలోనే ఉంది. ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు తెలుగులో రాసుకున్న క్రయ పత్రాలు, పంపక కాగితాలు ఇప్పటికీ ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. భూమి తగువు వచ్చినప్పుడు అవి బయటికొస్తాయి. ఆఫీసులో ఎవరికీ తెలుగు రాదు, ఇంట్లో పిల్లలకు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. చదవగలిగేది నాయనమ్మ. ఆమెకు ఒడియా రాయడం రాదు. కళ్లద్దాలు సర్దుకుంటూ ఆమె ఒక్కో లైను చదువుతుంది, ‘దాఖలు’, ‘హద్దులు’, ‘తూర్పున పుంత’ అని. పుంత అంటే ఏమిటని మనవరాలు అడుగుతుంది, బండి దారి అని నాయనమ్మ చెప్పాక ఒడియాలో టైపు చేస్తుంది. ఒక్క పేజీకి మధ్యాహ్నమంతా పడుతుంది. నిజంగా 120 గంటలు పట్టే పని ఇది. కాలేజీ ఇచ్చిన ఇంటర్న్‌షిప్ ఫారంలో మాత్రం సంస్థ పేరు, సూపర్‌వైజర్ హోదా, రబ్బరు స్టాంపు అని మూడు గళ్లున్నాయి.